ఎండు తెగులు ఏ మూలన వచ్చిందో గుర్తుందా? జ్ఞాపకాన్ని ఎంతవరకు నమ్మాలి, ఎక్కడ గుర్తు పెట్టాలి

పోయిన ఏడాది మీ కంది చేనులో ఎండు తెగులు ఎక్కడ వచ్చింది? తాండూరు, యాలాల, బషీరాబాద్, పెద్దేముల్ వైపు కంది వేసే రైతుకు ఇది కష్టమైన ప్రశ్న కాదు. "రోడ్డు దిక్కు, వేపచెట్టుకు ఇవతల" అనో, "ఒర్రె పక్కన రెండు మూడు గుంటల్లో" అనో జవాబు వెంటనే వస్తుంది. చేను మనది, ఎండిన మొక్కను చూసి బాధపడింది మనమే. మరచిపోయే సంగతి కాదు. కానీ జూన్‌లో, దుక్కి అయిపోయిన చేనులో నిలబడి, ఆ రెండు మూడు గుంటల చుట్టూ నాలుగు కట్టెలు పాతాల్సి వస్తే? ఇంట్లో ఇంకొకరు మీరు పాతింది చూడకుండా విడిగా నాలుగు కట్టెలు పాతితే, ఇద్దరివీ ఒకే చోట పడతాయా?

ఈ విత్తనాల కాలంలో ఒకసారి చేసి చూడండి. పడితే మంచిదే. పడకపోతే మాత్రం ఇద్దరిలో ఎవరూ "నాకు సరిగ్గా తెలియదు" అనరు, ఇద్దరూ తమదే సరి అంటారు. ఈ వ్యాసం ఆ సంగతి గురించే. ఒక వస్తువు ఎక్కడుందో గట్టిగా గుర్తుందన్న నమ్మకం వేరు, నిజంగా సరిగ్గా గుర్తుండటం వేరు. కొన్నిచోట్ల ఈ రెండూ కలిసే నడుస్తాయి. కొన్నిచోట్ల నమ్మకం ఉంటుంది, సరైన చోటు మాత్రం మనసులో ఉండదు. వ్యవసాయంలో ఈ రెండో రకం ఎక్కడెక్కడ వస్తుందో తెలిస్తే, అక్కడ మాత్రం జ్ఞాపకం మీద ఆధారపడకుండా గుర్తు పెట్టుకోవచ్చు. అన్నింటికీ రాసుకోనక్కరలేదు.

కంది చేనులో ఈ తేడా ఎందుకు ఖరీదైంది

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడి నల్లరేగడి, కింద ఉన్న సున్నపురాయి పొర ఈ పప్పు రుచికి కారణమని అందరికీ తెలిసిందే. ఇదే నేలలో కందిని ఏటా వేయడం వల్ల ఎండు తెగులు కూడా పాతుకుపోయింది. దీనికి కారణం ఫ్యుజేరియం అనే శిలీంధ్రం. ఇది గాలిలో ఎగిరి వచ్చి చేనంతా ఒకేసారి కమ్మే రకం కాదు. నేలలో, ఎండిన కంది వేర్లలో, మోళ్లలో ఉంటుంది. కంది వేయకపోయినా దాదాపు మూడేళ్లు బతికి ఉంటుంది. అందుకే చేనులో అక్కడొక గుంపు, ఇక్కడొక గుంపుగా మచ్చల్లా కనిపిస్తుంది.

పూత, కాయ దశలో ఈ మచ్చలు బాగా బయటపడతాయి. ఆకులు పసుపు రంగుకు తిరిగి వేలాడతాయి, మొక్క నిలబడే ఎండిపోతుంది. ఒక్కోసారి ఒక కొమ్మ ఎండి మరో కొమ్మ పచ్చగా ఉంటుంది. కాండం మొదలు దగ్గర నుంచి పైకి ఊదా రంగు పట్టీ పాకుతుంది. బెరడు తీసి చీల్చి చూస్తే లోపల గోధుమ నుంచి నలుపు రంగు చారలు ఉంటాయి. నీరు నిలిచి చనిపోయిన మొక్కలో ఇలాంటి చారలు సాధారణంగా ఉండవు. కాబట్టి ఎండిన ప్రతి మొక్కా ఎండు తెగులుదే అనుకోకుండా మచ్చకు రెండు మూడు మొక్కలైనా చీల్చి చూడాలి.

మచ్చ కనిపించేది నవంబరు, డిసెంబరులో. దాని మీద నిర్ణయం తీసుకోవాల్సింది మళ్లీ విత్తే జూన్, జూలైలో. మధ్యలో కోత అవుతుంది, కట్టె ఇంటికి పోతుంది, వేసవి దుక్కి అవుతుంది, రెండు వానలు పడతాయి. ఆనవాలు అంతా చెరిగిపోయి నల్లని చేను ఒక్క తీరుగా కనిపిస్తుంది. ఆ ఆరు నెలల తర్వాత మీ దగ్గర మిగిలేది జ్ఞాపకం ఒక్కటే.

మచ్చ ఎక్కడుందో కచ్చితంగా తెలిస్తే చేయగల పనులు చాలా ఉన్నాయి. ఆ చోట రెండు మూడేళ్లు కంది మాని జొన్న వేయవచ్చు. విత్తనానికి దాచుకునే గింజను అక్కడి నుంచి తీసుకోకుండా ఉండవచ్చు. రెండు కిలోల ట్రైకోడెర్మా విరిడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడలో తడి ఆరకుండా పది పదిహేను రోజులు ఉంచి చల్లేటప్పుడు, ముందుగా ఆ మచ్చల మీద వేయవచ్చు. మూడెకరాల రైతుకు ఉన్న ఎరువు కొంచెమే. అది సరైన చోట పడుతుందా, పదిహేను గజాలు పక్కన పడుతుందా అన్నది చిన్న సంగతి కాదు. మచ్చ ఏటా పెరుగుతోందా, వాలు వెంట నీరు పారే దిక్కు పాకుతోందా, లేక ఉన్నచోటే ఉందా అన్నది తెలియాలన్నా పోయిన ఏడాది అంచు ఎక్కడుందో తెలియాలి. "ఈసారి పెరిగినట్టుంది" అని కంటి అంచనాతో చెప్పే మాటకు పెద్ద విలువ లేదు.

చేను నడిమి గుర్తు ఎందుకు జరుగుతుంది

మనిషి మెదడు ఒక చోటును నక్షాలో చుక్క పెట్టినట్టు దాచుకోదు. "గెట్టు దగ్గర", "చెట్టు కింద", "పై మడిలో" అని ఒక పెద్ద భాగంగా దాచుకుంటుంది. తర్వాత చెప్పాల్సి వచ్చినప్పుడు, ఆ భాగంలో ఎక్కడో ఒకచోట చుక్క పెట్టి, అదే చూసిన చోటు అనుకుంటుంది. అమెరికాలో జానెలెన్ హటెన్‌లాకర్, ఆమెతో పనిచేసిన పరిశోధకులు 1991లో దీన్ని చాలా తేలికైన పద్ధతిలో చూపించారు. ఒక వృత్తంలో చుక్క చూపించి, తీసేసి, అది ఎక్కడుందో పెట్టమన్నారు. జనం వృత్తాన్ని మనసులోనే నాలుగు పావులుగా చేసుకుని, చుక్కను ఆ పావు నడిమికి జరిపి పెట్టారు. ఎవరూ కావాలని చేయలేదు, జరిపామని వారికి తెలియనే తెలియదు.

కాగితం మీది వృత్తంలో, చూసిన కొద్ది క్షణాలకే ఇలా జరిగితే, ఆరు నెలల తర్వాత నాలుగెకరాల చేనులో ఎంత జరుగుతుందో ఊహించుకోండి. గెట్టు పక్కన వచ్చిన మచ్చ గురించి మీ జ్ఞాపకాన్ని కొంత నమ్మవచ్చు, పట్టుకోవడానికి గెట్టు ఉంది కాబట్టి. చేను నడుమ వచ్చిన మచ్చకు ఆ ఆసరా లేదు. అలాంటప్పుడు మనసు దగ్గరలో కనిపించే చెట్టునో, కరెంటు స్తంభాన్నో పట్టుకుంటుంది. మచ్చ నిజానికి ఆ చెట్టుకు ముప్పై గజాల దూరంలో ఉన్నా, చెప్పేటప్పుడు "చెట్టు దగ్గర" అయిపోతుంది. ఆ మాట నాలుగుసార్లు చెప్పాక ముప్పై గజాలు మాయమై చెట్టు మాత్రమే మిగులుతుంది.

అందుకే గుర్తు పెట్టాల్సిన సమయం కోతకు ముందు, ఎండిన మొక్కలు ఇంకా నిలబడి ఉన్నప్పుడు. పద్ధతి సులువు. మచ్చ నడుమ నిలబడండి. ఎదురుగా ఉన్న గెట్టు మీద మీకు సూటిగా వచ్చే చోట ఒక నాపరాయి ముక్క పాతి రంగు పూయండి. అలాగే పక్క గెట్టు మీద సూటిగా వచ్చే చోట మరొకటి. తాండూరు చుట్టుపక్కల నాపరాయి ముక్కలకు కొదువ లేదు, పాలిషింగ్ యూనిట్ల బయట కుప్పలు పడి ఉంటాయి. జూన్‌లో ఆ రెండు రాళ్ల నుంచి చేనులోకి సూటిగా నడిస్తే, రెండు గీతలు కలిసే చోటే మచ్చ నడుమ. రాయిని చేనులో మాత్రం పాతవద్దు. దుక్కికి లేస్తుంది, నాగలికీ రోటవేటరుకూ దెబ్బ.

మచ్చ ఎంత పెద్దదో అంగలతో కొలవండి. గుంట అంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు. మీ అంగ ఎన్ని అడుగులో టేపుతో ఒకసారి చూసుకుంటే ఇక ఎప్పుడూ టేపు అక్కరలేదు. రెండున్నర అడుగుల అంగ అయితే పదమూడు అంగలు ఒక గుంట పక్క. ఫోన్ ఉంటే మచ్చ నడుమ నిలబడి మ్యాప్‌లో లొకేషన్ సేవ్ చేయండి. ఆకాశం తెరిపిగా ఉన్నచోట ఫోన్ చూపే చోటుకూ అసలు చోటుకూ దాదాపు 5 మీటర్ల వరకు తేడా ఉండవచ్చు. తెగులు మచ్చకు అది చాలు. భూమిలో పాతిన పైపుకు చాలదు, ఆ సంగతి కింద చెప్తాం. ఒక ఫొటో కూడా తీయండి, అయితే మొక్కను దగ్గరగా కాదు. వెనక చెట్టు, స్తంభం, గుట్ట ఏదో ఒకటి కనిపించేలా తీయండి. దగ్గరగా తీసిన ఎండు మొక్క ఫొటో ఏ చేనుదో మీరే చెప్పలేరు.

రోజూ కళ్లముందున్నది గుర్తుంటుందా

ఉంటుందనే అనుకుంటాం. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అలాన్ క్యాస్టెల్, ఆయన సహచరులు తమ భవనంలోనే పనిచేసే 54 మందిని ఒక చిన్న ప్రశ్న అడిగారు. మీ గదికి దగ్గరలో మంటలార్పే ఎర్ర సిలిండర్ ఎక్కడుంది? వాళ్లు ఏళ్ల తరబడి ఆ సిలిండర్ల పక్క నుంచే నడుస్తున్నారు. సరిగ్గా చెప్పింది 13 మందే. 2012లో ఈ ఫలితం అచ్చయింది. వెళ్లి వెతకమంటే ఎక్కువ మంది కొద్ది సెకన్లలోనే కనిపెట్టారు. అంటే కంటికి కనిపిస్తూనే ఉంది, కానీ పనిపడలేదు కాబట్టి మనసు పట్టించుకోలేదు.

మీ ఇంట్లో పురుగుమందులు పెట్టే చోటుతో దీన్ని పోల్చండి. కొట్టంలో అలమారా రోజూ కనిపిస్తుంది. అందులో కలుపు మందు ఏ వరుసలో ఉంది, పురుగు మందు ఏ వరుసలో ఉంది, ఇప్పుడు చూడకుండా చెప్పగలరా? పత్తి వేసిన రైతుకు ఇది ఆషామాషీ కాదు. 2,4-డి కలుపు మందు ఆవిరి సోకినా పత్తి తట్టుకోదు. ఆకులు సన్నబడి, వేళ్లలా చీలి బెండాకులా మారతాయి. సాయంత్రం కరెంటు లేని వేళ, "ఎప్పుడూ కుడి పక్కే ఉంటుంది" అన్న నమ్మకంతో డబ్బా తీసి పంపులో పోస్తే నష్టం ఆ ఒక్క రోజుతో పోదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఉండాల్సిన చోట ఉండాల్సిన వస్తువును, అది లేకపోయినా మనసు చూసేస్తుంది. 1981లో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో విలియం బ్రూవర్, జేమ్స్ ట్రెయెన్స్ 30 మంది విద్యార్థులను ఒక్కొక్కరిగా ఒక పరిశోధకుడి గదిలో 35 సెకన్లు కూర్చోబెట్టి, బయటికి పిలిచి, గదిలో ఏమేం చూశారో రాయమన్నారు. 9 మంది పుస్తకాలు చూశామని రాశారు. గదిలో పుస్తకాలు లేవు. చదువుకున్నవాళ్ల గది కాబట్టి పుస్తకాలు ఉండి ఉంటాయని మనసు కలుపుకుంది. "మందు డబ్బాలన్నీ పైన అటక మీదే ఉన్నాయి, పిల్లలకు అందవు" అని మనం చెప్పే మాట చాలాసార్లు ఇలాంటిదే. పెట్టాల్సిన చోటు అటక. నిన్న కొట్టి వచ్చి అలసటతో పెట్టింది అరుగు మీద.

చేయాల్సింది ఎక్కువేం లేదు. కలుపు మందులకు ఒక పెట్టె, పురుగు, తెగులు మందులకు వేరే పెట్టె. రెండూ ఒకే అరలో వద్దు. కలుపు మందుకు వాడే పంపు వీలైతే విడిగానే ఉండాలి, దానికి ఎర్ర గుడ్డ పీలిక కట్టండి. మందును సీసా మార్చి కూల్‌డ్రింక్ బాటిల్‌లో పోసి పెట్టడం ప్రాణాలకే ముప్పు. అందులో ఏముందో పోసినవారికి తెలుసు, దాహంతో వచ్చినవారికి తెలియదు. డబ్బా మీద త్రిభుజం రంగు చూడటం అలవాటు చేసుకోండి. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, ఆపైన నీలం, ఆకుపచ్చ అన్నింటికన్నా తక్కువ. ఆకుపచ్చ అంటే విషం కాదని మాత్రం కాదు. పంపులో పోసే ముందు పేరు పైకి చదవండి. చదవడం రానివారు చదివేవారితో చదివించుకోవాలి, ఇందులో నామోషీ లేదు.

భద్రంగా దాచినవే దొరకవు

"భద్రంగా దాచాను, ఎక్కడ దాచానో గుర్తుకు రావట్లేదు." ఈ మాట అనుకోని ఇల్లు ఉండదు. దీని మీద కూడా యూజీన్ వినోగ్రాడ్, రాబర్ట్ సోలోవే 1986లో ఒక పరిశోధన అచ్చువేశారు. వస్తువుకు సంబంధం లేని ప్రత్యేకమైన చోట దాచితే బాగా గుర్తుంటుందని జనం అనుకుంటారు. జరిగేది దానికి విరుద్ధం. మామూలుగా ఉండే చోట పెట్టిన వస్తువే తర్వాత తేలికగా గుర్తుకు వచ్చింది. కారణం చూడండి. వెతికేటప్పుడు మనసు వస్తువు నుంచి చోటుకు పోతుంది. పాస్‌బుక్ అనగానే బీరువా, సందుగ గుర్తుకు వస్తాయి. గుమ్మి కింద పెట్టిన డబ్బా గుర్తుకు రాదు. దొంగకు తట్టని చోటు మనకూ తట్టదు.

దాచే క్షణంలో నమ్మకం మాత్రం చాలా గట్టిగా ఉంటుంది. "ఇంత వింత చోట పెట్టాక ఎలా మరచిపోతాను" అనిపిస్తుంది. అలా అనిపించిందంటే అదే రాసుకోవాల్సిన సమయం.

చిన్న రైతుకు ఇలా పోయేవాటిలో ముఖ్యమైనవి విత్తన సంచి, దాని లేబుల్, కొన్న బిల్లు. మొలక రాకపోయినా, కల్తీ అని తేలినా ఫిర్యాదుకు లాట్ నంబరు కావాలి. అది లేబుల్ మీద ఉంటుంది. అందుకే ఈ మూడింటినీ, గుప్పెడు విత్తనంతో కలిపి, పంట ఇంటికి వచ్చేదాకా ఉంచాలి. ఎక్కడ? కొత్తగా భద్రమైన చోటు వెతకవద్దు. పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు పుస్తకం ఇప్పటికే ఎక్కడుంటాయో అక్కడే, ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టండి.

ఇంట్లో దాచిన కంది విత్తనానికి కూడా ఇదే జాగ్రత్త కావాలి. మారుతి రకం (ఐసీపీ 8863) ఎండు తెగులును తట్టుకుంటుంది గానీ వెర్రి తెగులును తట్టుకోదు. ఆశ (ఐసీపీఎల్ 87119) రెండింటినీ తట్టుకుంటుంది. రెండు సంచులు పక్కపక్కన నిలబెట్టి "గోడ పక్కది ఆశ" అని మనసులో అనుకుంటే, ఎలుకల కోసమో సున్నం వేయడానికో ఎవరో సంచులు జరిపిన రోజున ఆ జ్ఞాపకం అబద్ధమవుతుంది. మీ నమ్మకం మాత్రం అలాగే ఉంటుంది. సంచి లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ ఉండాలి. బయటిది ఊడిపోతుంది, లోపలిది ఉంటుంది.

భూమిలో ఉన్నవి: పైపు, పాత బోరు, గెట్టు రాయి

పాతిన పైపులైను ఎక్కడుందో ఇంట్లో పెద్దాయనకు తెలుసు. ఏటా చెప్తూనే ఉంటారు. ఎన్నిసార్లు చెప్తే అంత నమ్మకం పెరుగుతుంది. కానీ చెప్పడం వల్ల పెరిగేది నమ్మకమే, కచ్చితత్వం కాదు. 1986 జనవరి 28న అమెరికాలో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. మర్నాడే ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ ఎమోరీ విశ్వవిద్యాలయ విద్యార్థులతో, ఆ వార్త విన్నప్పుడు ఎక్కడున్నారో, ఎవరు చెప్పారో రాయించుకున్నారు. రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ అడిగారు. చాలామంది మొదట రాసినదానికి పొంతన లేని జవాబులు ఎంతో ధీమాగా చెప్పారు. సొంత చేతిరాత చూపించినా అసలు జ్ఞాపకం తిరిగి రాలేదు. అబద్ధం చెప్పే అవసరం వారికి ఏముంది? మనసు ఎప్పటికప్పుడు కథను సరిచేసుకుంటూ పోయింది, అంతే.

కాబట్టి జేసీబీ వచ్చే ముందు పైపు ఎక్కడుందో అడిగే తీరు మార్చండి. "ఈ చెట్టు కిందనుంచే కదా పోయింది?" అని అడిగితే అవుననే జవాబే వస్తుంది, ఎందుకంటే చెట్టును మీరే అందించారు. "మీరే నడుస్తూ చూపించండి" అనండి. పైపు వేసేటప్పుడు ఉన్న ఇద్దరిని వేర్వేరుగా నడిపించి, ఇద్దరి వెనకా సున్నం చల్లండి. రెండు గీతలు కలిసినచోట కొంత ధైర్యంగా ఉండవచ్చు. విడిపోయినచోట పారతో తవ్వి చూశాకే యంత్రం దించాలి. చూపించినవారు పెద్దవారైనా, చిన్నవారైనా ఇదే పద్ధతి.

కొత్తగా పైపు వేసేవారికి ఈ తిప్పలేమీ ఉండవు. మట్టి పూడ్చక ముందే ప్రతి వంపు, ప్రతి గేటువాల్వు దగ్గర రెండు కొలతలు తీయండి. కదలని రెండు చోట్లు ఎంచుకోండి. ఉదాహరణకు మోటరు గది మూల ఒకటి, కరెంటు స్తంభం రెండోది. గేటువాల్వు నుంచి గది మూలకు ఎన్ని అడుగులు, స్తంభానికి ఎన్ని అడుగులు అన్నది రాసుకోండి. పదేళ్ల తర్వాత రెండు తాళ్లను అంతే పొడవున కత్తిరించి, ఒకటి మూల నుంచి, ఒకటి స్తంభం నుంచి లాగితే, కొసలు కలిసిన చోటే వాల్వు. కొసలు రెండు చోట్ల కలవగలవు, గదికీ స్తంభానికీ మధ్య గీతకు అటొకటి, ఇటొకటి. అందుకే "ఒర్రె దిక్కు" అని ఒక మాట కూడా రాయాలి. చెట్టును మాత్రం కొలతకు తీసుకోవద్దు. చెట్టు కొట్టేస్తారు, లేదా లావెక్కుతుంది.

నీళ్లు పడని బోరు సంగతి వేరు. దాన్ని బండతో మూసి, పైన ముళ్లకంప వేసి, "ఎక్కడుందో నాకు తెలుసు" అనుకోవడం చాలా ప్రమాదం. మీకు తెలుసు, మేకల వెంట వచ్చిన పిల్లలకు తెలియదు. 2017 జూన్‌లో మన పక్కనే చేవెళ్ల మండలంలో ఒక పసిపాప ఇలాంటి బోరులో పడి చనిపోయింది. వదిలేసిన బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. ఇక్కడ గుర్తు పెట్టుకోవడం గురించి మేం చెప్పేది ఏమీ లేదు. పూడ్చేయండి.

గెట్టు రాళ్ల విషయంలో అన్నదమ్ములిద్దరికీ, పక్క చేను రైతుకీ కూడా "బాగా గుర్తుంటుంది". ఎవరి జ్ఞాపకం వారి వైపు నాలుగు అడుగులు జరిగి ఉండటం మామూలే. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. ఈ మాట ఇద్దరూ ఒప్పుకుంటే సగం తగాదా చల్లారుతుంది. మిగిలిన సగానికి గ్రామ నక్షా, టిప్పన్ ఉన్నాయి, మీసేవలో సర్వేకు దరఖాస్తు చేయవచ్చు. సర్వేయరు పాతిన రాయికి కూడా పైన చెప్పిన రెండు కొలతలు తీసి ఇద్దరూ రాసుకోండి.

మీ నమ్మకాన్ని మీరే తూచుకోవడం

ఇంట్లో ఒక పూట ఈ చిన్న పరీక్ష చేయండి. పది వస్తువుల పేర్లు రాయండి. కలుపు మందు డబ్బా, విత్తనం బిల్లు, టార్చి, మోటరు గది తాళంచెవి, పాస్‌బుక్, స్ప్రేయర్ నాజిల్, కొడవలి, ఇలా మీకు పనికొచ్చేవి. మీరూ, మీ ఇంటావిడ లేదా కొడుకో కోడలో, విడివిడిగా ఒక్కో వస్తువు ఎక్కడుందో చెప్పి, దాని పక్కన రూపాయికి ఎన్ని అణాల నమ్మకమో వేయండి. తర్వాత లేచి వెళ్లి చూడండి. పదహారణాలు వేసినవాటిలో ఎన్ని తప్పాయన్నదే ముఖ్యం. ఎనిమిది అణాలు వేసి తప్పితే నష్టం లేదు, అనుమానం ఉంది కాబట్టి ఎలాగూ చూసుకుంటారు.

సాధారణంగా మీరే స్వయంగా, ఈ మధ్యనే, మనసు పెట్టి ఎప్పటి చోటే పెట్టినవి సరిపోతాయి. రోజుకొక చోట పెట్టేవి, నలుగురు వాడేవి, ప్రత్యేకంగా దాచినవి, ఎప్పుడో పెట్టి తర్వాత మాటల్లోనే మిగిలినవి తప్పుతాయి. కొడవలి, తాళంచెవి లాంటివాటికి నిన్నటి చోటు, మొన్నటి చోటు కలగాపులగం అవుతాయి. గోడకు ఒక మేకు కొట్టడమే వాటికి మందు. రైతుల జ్ఞాపకశక్తి తక్కువని ఇందులో ఎక్కడా లేదు. ఏ చేనులో ఎన్ని అడుగుల కింద సున్నపురాయి తగులుతుందో, ఏ మడిలో నీరు నిలుస్తుందో తరాలుగా చెప్పగలిగినవారు రైతులే. అవి ఏటా దున్నుతూ, చూస్తూ, సరిచూసుకుంటూ వచ్చిన జ్ఞాపకాలు. సరిచూసే అవకాశం లేనివాటికే ఈ జాగ్రత్త.

రాసుకున్న పుస్తకం గురించి కూడా ఒక మాట. అది ఎక్కడుందో ఇంట్లో కనీసం ఇద్దరికి తెలియాలి. 2018లో మొదలైన రైతుబీమాలో 18 నుంచి 59 ఏళ్ల రైతు చనిపోతే నామినీకి 5 లక్షల రూపాయలు వస్తాయి. ఆ దుఃఖంలో కాగితాల కోసం ఇల్లంతా వెతకాల్సిన పరిస్థితి భార్యాబిడ్డలకు రాకూడదు. పాస్‌బుక్, బ్యాంకు పుస్తకం ఎక్కడున్నాయో, నామినీగా ఎవరి పేరు రాయించారో ఈ రాత్రే ఇంట్లో చెప్పండి. మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గర ఒకసారి సరిచూసుకోండి.

ఈసారి కోతకు ముందు చేనులో ఎండిన మొక్కలు కనిపించి, కాండం చీల్చి చూసినా ఏ తెగులో తేలకపోతే, రెండు మొక్కలను వేర్లతో సహా పీకి తాండూరు వ్యవసాయ పరిశోధన స్థానంలో చూపించండి. కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో అడగవచ్చు. మొక్కలు తీసుకెళ్లే సంచి మీద, ఏ చేను, ఏ గెట్టు నుంచి ఎన్ని అంగలు, ఏ తేదీన పీకారో రాయండి. ఇంటికి వచ్చాక రాద్దాం అనుకోకుండా, పీకిన చోటే నిలబడి రాయండి.